షియాన్‌లో ఏం చూడాలి? పాత చాంగాన్ నగరం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చైనా వెళ్తున్నాం, బీజింగ్ కాకుండా ఒక పాత ఊరు చూడాలని ఉంది, ఏది మంచిది అని అడిగితే నేను చెప్పే పేరు షియాన్. ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. అందుకే జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. మనవాళ్ళలో చాలామంది పొద్దున మట్టి సైనికుల్ని చూసి, ఫొటోలు దిగి, సాయంత్రానికి రైలెక్కేస్తారు. మన అమరావతి పక్కనున్న ధాన్యకటకంలో కొన్ని నెలలు చదువుకుని వెళ్ళిన మనిషి కట్టించిన గోపురం ఆ ఊళ్ళోనే ఉంది. అది చూడకుండా తిరిగి వచ్చారంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

షియాన్, జియాన్, చాంగాన్... ఇవన్నీ ఒకే ఊరా?

ఒకే ఊరే. ఇంగ్లీషులో పేరు ఎక్స్ అక్షరంతో మొదలవుతుంది కాబట్టి మన దగ్గర జియాన్ అని కూడా రాస్తారు. అక్కడివాళ్ళు పలికేది షీ-ఆన్. పాత పేరు చాంగాన్, అంటే కలకాలం ఉండే శాంతి. షియాన్ అంటే పడమటి శాంతి. ఇది చైనా వాయవ్య భాగంలో, వెయ్ నది ఒడ్డున, షాన్‌షీ రాష్ట్రానికి రాజధాని.

ఝౌ, చిన్, హాన్, సుయ్, టాంగ్ వంశాలు ఈ నేల మీది నుంచే రాజ్యం చేశాయి. చిన్నా పెద్దా కలిపి 13 వంశాలకు రాజధాని అని అక్కడ గర్వంగా చెప్పుకుంటారు. అయితే అందరూ ఒకే చోట కోట కట్టలేదు. చిన్ చక్రవర్తి రాజధాని షియన్‌యాంగ్ నదికి అవతల, హాన్ రాజధాని ఇప్పటి ఊరికి వాయవ్యంలో, టాంగ్ రాజధాని ఇప్పటి ఊరి కిందే. ఈ సంగతి తెలిసి వెళ్తే, చూడాల్సినవి ఇంత దూరం దూరంగా ఎందుకు ఉన్నాయో అర్థమవుతుంది.

అంత పాత ఊరైతే పాత రాజభవనాలు ఎందుకు కనపడవు?

చాలామంది నిరాశపడేది ఇక్కడే. టాంగ్ కాలపు చాంగాన్ సుమారు 84 చదరపు కిలోమీటర్ల నగరం. చదరంగం బల్లలా గీసిన వీధులు, 108 పేటలు, తూర్పున ఒక పెద్ద అంగడి, పడమట ఇంకొకటి. పడమటి అంగడిలో పారశీకులు, మధ్య ఆసియా నుంచి వచ్చిన సోగ్డియన్లు, అరబ్బులు వ్యాపారం చేసేవారు. జపాన్‌లో నారా, క్యోటో నగరాలను ఈ ఊరి నమూనాలోనే కట్టారు.

అంత ఊరూ 904లో ఖాళీ అయింది. ఝూ వెన్ అనే సేనాని చక్రవర్తిని బలవంతంగా లోయాంగ్‌కి తరలించాడు. భవనాలు, ఇళ్ళు విప్పించి, దూలాలూ స్తంభాలూ వెయ్ నదిలో వేసి దిగువకు తేల్పించాడు. చెక్క కట్టడాలన్నీ అలా పోయాయి. ఇటుకతో కట్టిన రెండు గోపురాలు మాత్రం నిలిచాయి. ఇప్పుడు మీరు చూసే ప్రాకారం, గంట బురుజు (బెల్ టవర్) మింగ్ కాలానివి, అంటే 14వ శతాబ్దం నాటివి. దక్షిణాన రాత్రిపూట దీపాలతో మెరిసిపోయే "టాంగ్" వీధులు మాత్రం మొన్నమొన్న కట్టినవి. అవి అందంగానే ఉంటాయి, సాయంత్రం పిల్లలతో తిరగడానికి బాగుంటాయి. కానీ ఏది పాతది, ఏది కొత్తది అని ప్రతిచోటా అడిగి తెలుసుకోండి. ఈ ఊరు చూడాల్సిన పద్ధతి అదే అని నా అభిప్రాయం.

ఊరి గోడ మీద సైకిల్ తొక్కవచ్చట, నిజమేనా?

నిజమే, తప్పకుండా తొక్కండి. చుట్టూ 13.7 కిలోమీటర్లు. ఎత్తు 12 మీటర్లు. పైన వెడల్పు 12 నుంచి 14 మీటర్లు ఉంటుంది కాబట్టి కుటుంబమంతా పక్కపక్కనే వెళ్ళొచ్చు. సైకిళ్ళు పైనే అద్దెకు దొరుకుతాయి, ఇద్దరు తొక్కేవి కూడా ఉంటాయి. ఆగకుండా తొక్కితే గంటన్నర. ఆగాలి మరి, అందుకని రెండున్నర గంటలు పెట్టుకోండి.

మింగ్ వంశం తొలి చక్రవర్తి హోంగ్‌వూ కాలంలో, 1370 నుంచి 1378 వరకు కట్టిన గోడ ఇది. లోపల దిమ్మిస కొట్టిన మట్టి. 1568లో బయట ఇటుక తాపడం చేశారు. గోడ నుంచి ముందుకు పొడుచుకొచ్చిన బురుజులు 98 ఉన్నాయి. రెండు బురుజుల మధ్య దూరం 120 మీటర్లు. గోడకి ఆనుకుని ఎక్కాలని చూసే శత్రువుని రెండువైపుల నుంచీ బాణంతో కొట్టేందుకు లెక్కవేసి పెట్టిన దూరం అది. నైరుతి మూలకి వచ్చినప్పుడు ఒకసారి దిగి చూడండి. మిగతా మూడు మూలలూ చతురస్రంగా ఉంటే అదొక్కటే గుండ్రంగా ఉంటుంది.

దక్షిణ ద్వారం, అంటే యోంగ్‌నింగ్ ద్వారం దగ్గర ఎక్కితే మెట్రో పక్కనే ఉంటుంది. వేసవి మధ్యాహ్నం మాత్రం వద్దు, పైన నీడ ఉండదు. పొద్దు వాలాక ఎక్కితే ఒకవైపు పాత ఊరి కప్పులు, ఇంకోవైపు ఆకాశహర్మ్యాలు, ఎర్ర లాంతర్లు. నాకు ఆ ఊళ్ళో అన్నిటికన్నా ఇష్టమైన గంట అది.

మట్టి సైనికుల దగ్గరికి ఎలా వెళ్ళాలి? ఎంతసేపు పడుతుంది?

చైనా తొలి చక్రవర్తి చిన్ షి హువాంగ్ సమాధికి కాపలాగా పాతిపెట్టిన మట్టి సైన్యం ఇది. ఊరికి తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, లిన్‌తోంగ్ ప్రాంతంలో ఉంది. మెట్రో 9వ లైనులో హువాచింగ్ చి స్టేషన్ దాకా వెళ్ళి, అక్కడి నుంచి బస్సో ట్యాక్సీయో ఎక్కండి. వెళ్ళిరావడంతో కలిపి ఒక రోజు దానికే ఇవ్వండి. తెరిచే వేళకే చేరుకుంటే జనం లేకుండా ముందు వరసలో నిలబడి చూడొచ్చు. పది దాటాక టూర్ బస్సులు వచ్చేస్తాయి.

1974 మార్చిలో కొందరు రైతులు నీళ్ళ కోసం బావి తవ్వుతుంటే మట్టి తలలు, ముక్కలు బయటపడ్డాయి. మూడు గోతులు దొరికాయి. మొదటి గొయ్యి 230 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పు. మూడింటిలో కలిపి దాదాపు 8,000 బొమ్మలు ఉంటాయని అంచనా, అందులో చాలావరకు ఇంకా మట్టి కిందే ఉన్నాయి. 1979లో మ్యూజియం తెరిచారు, 1987లో యునెస్కో జాబితాలో చేరింది.

చాలామంది మొదటి గొయ్యి చూసి "అబ్బ" అనుకుని మిగతావి పరిగెత్తుతూ చూస్తారు. నేనైతే తిరగేసి వెళ్ళమంటాను: ముందు చిన్నదైన మూడోది, సేనానాయకుల స్థావరం; తర్వాత రెండోది; చివరగా మొదటిది. రెండో గోతి దగ్గర అద్దాల పెట్టెలో మోకాలి మీద కూర్చున్న విలుకాడు ఉంటాడు. అతని చెప్పు అడుగుభాగం చూడండి. కుట్టిన కుట్లన్నీ లెక్కపెట్టవచ్చు. ఎవరూ చూడని చోట కూడా అంత పని చేసిన కుమ్మరి చేయి అది.

మొదటి గోతిలో వెనక వైపుకి వెళ్తే ముక్కలు అతికించే చోటు కనిపిస్తుంది. చెక్కుచెదరకుండా దొరికిన బొమ్మలు దాదాపు లేవు. గోతుల పైకప్పు దూలాలు కాలి కూలి, సైనికులంతా నలిగిపోయారు. ఇప్పుడు వరసగా నిలబడ్డ ప్రతి మనిషినీ ఎవరో ఏళ్ళ తరబడి కూర్చుని ముక్కముక్కా కలిపారు.

బొమ్మలన్నీ బూడిద రంగులోనే ఉంటాయా?

చేసినప్పుడు అలా లేవు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా రంగులు వేశారు. రంగు కింద లక్క పూత ఉంది. రెండు వేల ఏళ్ళు తడి మట్టిలో ఉన్న ఆ పూత, బయటి పొడిగాలి తగిలిన కొద్ది నిమిషాల్లోనే ముడుచుకుని పెచ్చులూడిపోతుంది. తొలిరోజుల్లో తవ్వినవాటి రంగులు అలా పోయాయి. అందుకే తొందరపడి తవ్వడం మానేశారు.

చక్రవర్తి అసలు సమాధి లోపలికి వెళ్ళనిస్తారా?

లేదు, దాన్ని ఇంతవరకు తెరవనే లేదు. చిన్ షి హువాంగ్ 13 ఏళ్ళ వయసులో, క్రీ.పూ. 246లో గద్దెనెక్కాడు. క్రీ.పూ. 221లో మిగతా రాజ్యాలన్నిటినీ గెలిచి ఏకం చేశాడు, క్రీ.పూ. 210లో చనిపోయాడు. సమాధి పైన మట్టిగుట్ట సైనికుల గోతులకు ఒకటిన్నర కిలోమీటరు దూరంలో ఉంది. లోపల పాదరసంతో నదులు, సముద్రాలు పారించారని తర్వాత వందేళ్ళకు సిమా చియాన్ అనే చరిత్రకారుడు రాశాడు. ఆ గుట్ట మట్టిని పరీక్షిస్తే పాదరసం మామూలు కంటే చాలా ఎక్కువగా కనిపించింది కూడా. చాలామంది ఆ గుట్ట దగ్గరికి వెళ్ళరు. అక్కడే ఉన్న మ్యూజియంలో 1980లో దొరికిన కంచు రథాలు రెండు ఉన్నాయి, అసలు రథంలో సగం సైజువి. వాటి కళ్ళేల పనితనం చూడటానికైనా వెళ్ళాలి.

మన చరిత్ర పుస్తకాల్లో చదివిన హుయాన్‌త్సాంగ్‌కీ ఈ ఊరికీ ఏమిటి సంబంధం?

ఆయన బయలుదేరింది ఇక్కడి నుంచే, తిరిగొచ్చిందీ ఇక్కడికే. చైనా పలుకుబడిలో ఆయన పేరు షువాన్‌జాంగ్. దేశం దాటి వెళ్ళడానికి అనుమతి లేని రోజుల్లో చాటుగా చాంగాన్ విడిచి, ఎడారులూ మంచు కొండలూ దాటి మన దేశం చేరాడు. నలందలో చదివాడు. అక్కడితో ఆగకుండా దక్షిణానికి వచ్చాడు. ఆంధ్ర దేశం గురించి, దాని రాజధాని వేంగి గురించి రాశాడు. ఆ దగ్గరలో బౌద్ధ పండితుడు దిఙ్నాగుడు తర్కశాస్త్రం రాసిన చోటు ఉందని చెప్పాడు. తర్వాత ధాన్యకటకం, అంటే ఇప్పటి అమరావతి పక్కనున్న ధరణికోట ప్రాంతం చేరాడు. ఊరికి తూర్పునా పడమరా ఉన్న పూర్వశైల, అపరశైల విహారాలు అప్పటికే పాడుబడి ఉన్నాయని రాశాడు. అయినా వెంటనే కదల్లేదు. ఇద్దరు భిక్షువుల దగ్గర మహాసాంఘికులనే బౌద్ధ శాఖవారి అభిధర్మ (తత్త్వ విచార) గ్రంథాలు కొన్ని నెలల పాటు చదువుకున్నాడు, వాళ్ళకి మహాయాన గ్రంథాలు చెప్పాడు. పాఠం చెప్పి, పాఠం నేర్చుకుని వెళ్ళాడన్నమాట.

645లో 657 గ్రంథాలతో చాంగాన్‌లో అడుగుపెట్టాడు. చూడటానికి వచ్చిన జనంతో వీధులు నిండిపోయాయట. ఆ తర్వాత 664లో కన్నుమూసేదాకా అనువాదమే పని. 75 గ్రంథాలను చైనా భాషలోకి తెచ్చాడు. ఆ తాళపత్రాలు కాలిపోకుండా దాచడానికి ఇటుక గోపురం ఒకటి కావాలని చక్రవర్తిని అడిగి, 652లో కట్టించాడు. ఇటుకలు తనే మోశాడని ఆయన శిష్యులు రాసిన జీవితచరిత్రలో ఉంది. దాని పేరే పెద్ద హంస గోపురం, ఇంగ్లీషులో వైల్డ్ గూస్ పగోడా అని బోర్డులుంటాయి. మగధలో ఆకాశం నుంచి రాలిన హంస గుర్తుగా స్తూపం కట్టిన కథ ఒకటి ఆయనే రాసుకొచ్చాడు. ఈ పేరుకి మూలం అదే అంటారు.

మొదట కట్టినప్పుడు ఐదంతస్తులు. వూ జెతియాన్ అనే మహిళ చక్రవర్తిగా ఉన్నప్పుడు 704లో తిరిగి కట్టారు. ఇప్పుడు ఏడంతస్తులు, 64 మీటర్లు. దక్షిణ ద్వారానికి అటూ ఇటూ గూళ్ళలో ఉన్న రెండు రాతి శాసనాలను తప్పక చూడండి. ఆయన అనువాదాలకు ఇద్దరు చక్రవర్తులు రాసిన పీఠికలు అవి. చు సుయ్‌లియాంగ్ అనే గొప్ప లేఖకుడి చేతిరాత నుంచి చెక్కారు. గోపురం ఎక్కాలంటే వేరే టికెట్టు, మెట్లు ఇరుకు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కింద దాసియెన్ ఆలయం ఆవరణలో కూర్చున్నా చాలు. మెట్రో స్టేషన్ పేరు దాయాన్‌తా.

ధరణికోట చూసినవాళ్ళెవరైనా ఈ గోపురం ముందు నిలబడితే మనసు కదలకుండా ఉండదు. మన దగ్గర దిబ్బగా మిగిలిన చదువు ఇక్కడ వేరే లిపిలో బతికింది.

అలాంటి చోట్లు ఇంకా ఉన్నాయా?

ఉన్నాయి, జనం తక్కువగా వెళ్ళేవి. ఊరికి దక్షిణాన కొండవాలు మీద షింగ్‌జియావ్ ఆలయంలో హుయాన్‌త్సాంగ్ సమాధి గోపురం ఉంది. ఐదంతస్తులు, అటూ ఇటూ ఇద్దరు శిష్యుల చిన్న గోపురాలు. ఒకాయన కొరియావాడు.

నైరుతిలో త్సావ్‌తాంగ్ ఆలయం బౌద్ధ గ్రంథాల అనువాదకుడు కుమారజీవుడిది. ఆయన తండ్రి భారతీయుడు, తల్లి మధ్య ఆసియాలోని కూచా రాజకుమార్తె. 401లో చాంగాన్ వచ్చాడు. నాగార్జునాచార్యుడి మాధ్యమిక కారికలను 409లో చైనా భాషలోకి తెచ్చింది ఈయనే. శ్రీపర్వతంతో, మన కృష్ణా లోయతో ముడిపెట్టి చెప్పుకునే ఆచార్యుడి మాట చైనా, కొరియా, జపాన్ దాకా వెళ్ళిన తొలి మెట్టు ఈ ఆవరణ. ట్యాక్సీ మాట్లాడుకుంటే రెండు ఆలయాలూ ఒక రోజులో చూడొచ్చు.

ఇక చిన్న హంస గోపురం ఊళ్ళోనే ఉంది. సముద్రం మీదుగా మన దేశం వెళ్ళొచ్చిన చైనా భిక్షువు ఇత్సింగ్ తెచ్చిన గ్రంథాలకు సంబంధించింది. పెద్దదాని దగ్గర ఉండే హడావిడి ఇక్కడ ఉండదు, చెట్ల నీడ ఉంటుంది. 1487 భూకంపంలో నిలువునా చీలి, 1521 భూకంపంలో మళ్ళీ కలుసుకుందని చెప్తారు. పైన రెండు అంతస్తులు కూలి, 15లో 13 మిగిలాయి.

మ్యూజియాల్లో ఏది చూడాలి?

షాన్‌షీ చరిత్ర మ్యూజియం పేరున్నది. సాధారణ ప్రవేశం ఉచితం, కానీ ముందే ఆన్‌లైన్లో బుక్ చేసుకోవాలి, సోమవారం సెలవు. స్లాట్లు చాలా త్వరగా అయిపోతాయి. దొరక్కపోతే టెన్షన్ పడకండి. దక్షిణ ద్వారం దగ్గర బేయ్‌లిన్, అంటే శాసనాల వనం ఉంది. 1087లో మొదలైంది. 837లో చెక్కిన కన్ఫ్యూషియస్ సంప్రదాయ గ్రంథాలు ఇక్కడున్నాయి. 114 రాళ్ళు, రెండువైపులా కలిపి ఆరున్నర లక్షల అక్షరాలు. పుస్తకం నకలు రాసేటప్పుడు తప్పు దొర్లితే సరిచూసుకోవడానికి రాతి ప్రతి అన్నమాట. 781 నాటి ఇంకో శాసనంలో చైనా భాష పక్కన పశ్చిమాసియా క్రైస్తవుల సిరియాక్ లిపి కనిపిస్తుంది. తూర్పు క్రైస్తవులు 635లోనే ఈ ఊరికి వచ్చిన సంగతి అందులో ఉంది. శాసనాలంటే ఇష్టమున్నవాళ్ళు పెద్ద మ్యూజియం వదులుకునైనా ఇది చూడాలి.

మసీదు చైనా గుడిలా ఉంటుందట?

అవును. గంట బురుజుకు దగ్గర్లో హుయ్ అనే చైనా ముస్లింల పేటలో ఉంది. 742లో మొదలైందని సంప్రదాయం, ఇప్పటి కట్టడాలు 1392 నుంచి కట్టుకుంటూ వచ్చినవి. గుమ్మటం ఉండదు, మీనారు ఉండదు. ఒకదాని వెనక ఒకటి ఐదు ఆవరణలు, చెక్క మండపాలు, నీలిరంగు పెంకులు. మక్కా ఉన్న పడమటి దిక్కుకి తిరిగి ఉంటుంది. ప్రార్థన మందిరంలోకి ముస్లింలకే ప్రవేశం, గుమ్మం దగ్గర నుంచి చూడొచ్చు. బయట వీధి తిండి దుకాణాలతో కిటకిటలాడుతుంది.

హువాచింగ్ రాజభవనం చూడాలా?

సైనికుల దగ్గరికి వెళ్ళే దారిలోనే ఉంది కాబట్టి టైము ఉంటే సరే. వేడినీటి ఊటలు, టాంగ్ చక్రవర్తి షువాన్‌జోంగ్ ప్రేయసి యాంగ్ గుయ్‌ఫెయ్ స్నానఘట్టం. భవనాలు ఎక్కువగా కొత్తవి. 1936 డిసెంబర్ 12న అప్పటి చైనా పాలకుడు చియాంగ్ కై-షేక్‌ని సొంత సేనానులే ఇక్కడ నిర్బంధించారు. జపాన్ మీద కలిసి పోరాడేలా కమ్యూనిస్టులతో రాజీపడమని పట్టుబట్టారు. ఆ రోజు తుపాకీ గుళ్ళు తగిలిన గుర్తులు కిటికీల దగ్గర చూపిస్తారు.

ఊరు దాటి వెళ్ళడానికి ఇంకో రోజుంటే?

వాయవ్యంలో చియాన్‌లింగ్‌కి వెళ్ళండి. చైనాలో చక్రవర్తి బిరుదుతో పాలించిన ఒకే ఒక్క మహిళ వూ జెతియాన్, ఆమె భర్త గావ్‌జోంగ్ సమాధి అక్కడ ఒక కొండ లోపల ఉంది. భర్త ఘనత చెక్కిన శిల ఒకవైపు నిండుగా ఉంటుంది. ఆమె శిల మీద మాత్రం చెక్కినప్పుడు ఒక్క అక్షరమూ పెట్టలేదు. ఎందుకన్నది ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్తారు. దగ్గర్లో 61 మంది విదేశీ రాయబారుల రాతి బొమ్మలు, దాదాపు అన్నిటికీ తలలు లేకుండా, వినయంగా చేతులు కట్టుకుని నిలబడి ఉంటాయి.

బౌద్ధం మీద ఆసక్తి ఉంటే పడమట ఫామెన్ ఆలయం. 1981లో పాత గోపురం సగం కూలింది. 1987లో పునాది తవ్వితే నేలమాళిగలో బుద్ధుడి వేలి ఎముకగా కొలిచే ధాతువు, దానితో టాంగ్ చక్రవర్తుల బంగారు, వెండి, పట్టు కానుకలు దొరికాయి. నడక ఇష్టమైన కుర్రాళ్ళకు తూర్పున హువాషాన్ కొండ, 2,154 మీటర్లు. రైల్లో అరగంట, పైకి రోప్‌వే కూడా ఉంది.

శాకాహారులం, తిండికి ఇబ్బందా?

కొంచెం జాగ్రత్త పడితే చాలు. ఇది గోధుమల ప్రాంతం, అన్నం కన్నా నూడుల్స్ ఎక్కువ. అక్కడ ఎండు కారం మీద కాగిన నూనె పోసి కలుపుకుంటారు. కారమే ఒక కూర అని వాళ్ళ సామెత. మన నోటికి ఆ మాటొక్కటి చాలు. లియాంగ్‌పీ అనే చల్లటి వెడల్పాటి నూడుల్స్ కారం నూనె, వెనిగర్, దోసకాయ ముక్కలతో వస్తాయి, సాధారణంగా మాంసం ఉండదు. బెల్టంత వెడల్పుండే బియాంగ్‌బియాంగ్ నూడుల్స్‌లో మాత్రం మాంసం లేకుండా, కారం నూనెతో ఇవ్వమని అడగాలి. పులుసులో మాంసం రసం ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. "నేను శాకాహారిని" అన్న మాట చైనా లిపిలో ఫోన్లో పెట్టుకుని చూపించండి. మాంసం తినేవాళ్ళు ముస్లిం పేటలో గొర్రె మాంసం పులుసులో రొట్టె తుంచి వేసుకునే పావ్‌మో తినాలి. రొట్టె ఎంత చిన్నగా తుంచితే అంత రుచి, తొందరపడొద్దు.

ఎప్పుడు వెళ్ళాలి, ముందుగా ఏం సిద్ధం చేసుకోవాలి?

ఏప్రిల్, మే, సెప్టెంబర్ చివర, అక్టోబర్ మధ్య నుంచి నవంబర్ మొదటి వారం దాకా బాగుంటుంది. మే 1, అక్టోబర్ 1 చుట్టూ ఉండే సెలవుల్లో మాత్రం వెళ్ళకండి, దేశమంతా రోడ్డు మీదే ఉంటుంది.

టికెట్లన్నీ పాస్‌పోర్ట్ నంబరుతోనే, కాబట్టి పాస్‌పోర్ట్ వెంట ఉండాలి. చెల్లింపులన్నీ ఫోన్లో క్యూఆర్ కోడ్‌తో. అలీపే అనే అక్కడి చెల్లింపు యాప్‌లో మన కార్డు ఇక్కడే జతచేసుకుని బయలుదేరండి. గూగుల్ మ్యాప్స్, వాట్సాప్ అక్కడి నెట్‌లో పనిచేయవు. హోటల్ పేరు, చిరునామా చైనా లిపిలో కాగితం మీద రాయించుకుంటే పెద్దవాళ్ళు తప్పిపోయినా భయముండదు. బీజింగ్ నుంచి హైస్పీడ్ రైల్లో నాలుగున్నర నుంచి ఆరు గంటలు.

ఎన్ని రోజులు చాలు?

మూడు పూర్తి రోజులు. ఒకటి సైనికులకు. ఒకటి రెండు గోపురాలకూ శాసనాల వనానికీ. ఒకటి మసీదు, గంట బురుజు, సాయంత్రం గోడకి. నాలుగోది దొరికితే షింగ్‌జియావ్, త్సావ్‌తాంగ్ ఆలయాలకు ఇవ్వండి.

తిరుగు ప్రయాణం రోజు సగం పూట మిగిలింది, ఏం చేయాలి?

ఎయిర్‌పోర్టుకి వెళ్ళే వైపే హాన్‌యాంగ్‌లింగ్ ఉంది. క్రీ.పూ. 141లో చనిపోయిన హాన్ చక్రవర్తి జింగ్ సమాధి ఇది. నేల కింద, అద్దాల మీద నడుస్తూ కాళ్ళ కిందే తవ్వకాలు చూస్తారు. ఇక్కడి మట్టి మనుషులు రెండడుగులే ఉంటారు, ఒంటి మీద బట్ట లేదు, చేతులు లేవు. చెక్కతో చేసిన చేతులూ, తొడిగిన పట్టుబట్టలూ మట్టిలో కలిసిపోయాయి. వాళ్ళ పక్కన సైన్యం కన్నా ఎక్కువ ఇష్టంగా చేసినట్టుండే మేకలు, గొర్రెలు, పందులు, కుక్కలు వరసలు వరసలుగా ఉంటాయి. ట్యాక్సీ మాట్లాడుకుంటే పెట్టెలు కారులోనే ఉంటాయి. గంటన్నర చూసి, అక్కడి నుంచి నేరుగా ఫ్లైటుకి వెళ్ళిపోవచ్చు.